చల్లమ్మ ఇంటిపట్టున ఉన్న రోజులు

ఆఫీసులో ఆమెను చల్లమ్మ అనేవాళ్లు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదది, గొంతును బట్టి వచ్చిన పేరు. అంబులెన్సు కోసం జనం ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడే ఉద్యోగం ఆమెది. అవతలి మనిషి గుండెలు బాదుకుంటున్నా, బూతులు తిడుతున్నా, నోట మాట రాక వెక్కుతున్నా, ఆమె గొంతు పిసరంత కూడా పైకి లేచేది కాదు. "నేనిక్కడే ఉన్నాను. ముందు మీరెక్కడున్నారో చెప్పండి," అనేది. ఆ మాటకు అవతలి గొంతు కూడా కాస్త దిగివచ్చేది. ఇల్లు ఏ సందులో ఉందో, పడిపోయిన మనిషికి తెలివి ఉందో లేదో, ఊపిరి ఎలా ఆడుతోందో మెల్లగా రాబట్టేది. బండి వాళ్ల గుమ్మం ముందు ఆగేదాకా లైనులో ఉండేది. బండి రాగానే అవతల ఫోన్ పెట్టేసేవాళ్లు. ఇవతల ఇంకో లైటు వెలిగేది.

ఈ పేరు సంగతి ఇంట్లో తెలిసిన రోజున అత్తగారు మూతి తిప్పుకుంది.

"చల్లమ్మేంటే, మజ్జిగ అమ్ముకునేదానిలా. ఇంట్లో మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. ఆ చల్లదనమంతా అక్కడే ఒలకబోసి వస్తున్నావు కాబోలు," అంది.

అత్తగారి మాటలో నిజం లేకపోలేదు. ఇంటికొచ్చేసరికి చల్లమ్మ దగ్గర మాటలు మిగిలేవి కావు. తాళంచెవులు చేసే భర్త పుట్టు మితభాషి. ఆయన దుకాణంలో యంత్రం రోజంతా కీచుమంటూ ఉంటుంది కాబట్టి ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే ఆయనకు పండగే. హైస్కూల్లో చదివే కూతురు తన లోకం తనది. ఇక మాటలన్నీ అత్తగారివే. వంటింట్లో మొదలుపెడితే వీధి గుమ్మం దాకా ఆగకుండా మాట్లాడేది, జవాబు వచ్చినా రాకపోయినా.

ఆ గొంతు చల్లమ్మకు ఉద్యోగంతో వచ్చింది కాదు. ఆమె పుట్టింట్లో అమ్మానాన్నలు ఉప్పు ఎక్కువైందని మొదలుపెట్టి, గిన్నెలు విసురుకునేదాకా వెళ్లేవాళ్లు. చెల్లెలూ తమ్ముడూ మంచం కింద దూరేవాళ్లు. తను మాత్రం ఇద్దరి మధ్యా నిలబడి, బాగా మెల్లగా, వాళ్లు వినాలంటే నోరు మూసుకోక తప్పనంత మెల్లగా మాట్లాడేది. ఒక్కోసారి పని చేసేది. పిల్ల ఎంత నెమ్మదస్తురాలో అని చుట్టాలు మెచ్చుకునేవారు. ఆ నెమ్మది వెనక పిల్ల అరచేతులు ఎలా చెమటలు పట్టేవో ఎవరూ చూడలేదు. పెద్దయ్యాక ఈ ఉద్యోగానికి పరీక్ష పెట్టినప్పుడు, ఫోనులో ఎవరో కావాలని కేకలు వేశారు. మిగతావాళ్లు తడబడ్డారు. ఆమెకు అది అలవాటైన ఇల్లులా అనిపించింది.

ఆ గదికి కిటికీలు లేవు. బయట ఎండో వానో తెలియదు. ఏసీ చలికి అందరూ స్వెటర్లు వేసుకుని కూర్చునేవారు. కుర్చీల చేతుల మీద రెగ్జిను చిరిగి, లోపలి స్పాంజి బయటికి వచ్చి ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరి కుర్చీ స్పాంజి వాళ్లు తెలియకుండానే గిల్లేస్తూ ఉండేవారు. అక్కడి ఆడవాళ్లు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటూ నవ్వుకునేవారు, కొత్త చెప్పుల గురించీ అద్దెల గురించీ మాట్లాడుకునేవారు. విన్న ఫోన్ల గురించి మాత్రం మాట్లాడుకునేవారు కాదు. మాట్లాడినా చెప్పడానికేముంది? బండి ఎక్కిన మనిషి బతికాడో లేదో, బండిలో పుట్టిన బిడ్డ ఏడ్చిందో లేదో, వాళ్లకు ఎవరూ చెప్పరు. అన్నీ సగం విన్నవే.

అలా ఏళ్లు గడిచాయి. ఒకరోజు లైటు వెలిగింది, ఆమె మీట నొక్కింది, మాట రాలేదు.

అదేం పెద్ద ఫోను కాదు. తలుపు సందులో వేలు నలిగిన మనిషెవరో. "హలో, హలో, ఉన్నారా," అంటున్నాడు. ఏం అడగాలో ఆమెకు తెలుసు. వాక్యమంతా కళ్ల ముందు రాసినట్టు కనిపిస్తోంది. నాలుక మాత్రం కదలలేదు. ఆ మనిషి విసుగుతో తిట్టాడు. పక్క కుర్చీ ఆవిడ చూసి, ఆ లైను తను తీసుకుంది. షిఫ్టు ఇన్‌ఛార్జి టీ తెప్పించి, బయటి గదిలో కూర్చోబెట్టి, "నీరసంగా ఉందమ్మా నీకు. ఇంటికెళ్లి కొన్నాళ్లు రెస్టు తీసుకో. నేను రాసుకుంటాలే," అన్నాడు. మంచివాడే. కానీ ఆ టీ తాగడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో చూసి ఆయనకే భయమేసింది.

మొదట కొద్ది రోజులు నిద్రే నిద్ర. పొద్దున కూతురు బడికి వెళ్లేటప్పుడు కళ్లు తెరిచేది, సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మళ్లీ తెరిచేది. పోనీలే, ఇన్నేళ్ల నిద్ర బాకీ తీరుతోంది అనుకున్నారు ఇంట్లో. తర్వాత నిద్ర కూడా పోయింది. వెనక గదిలో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడా, నీళ్ల పైపూ, పైపు మీద ఆరేసిన ఒక నేలగుడ్డా. వాటినే చూసేది. చూస్తోందా అంటే అదీ చెప్పలేం. స్నానం రేపు చేద్దాం అనుకునేది. తల దువ్వుకోవడం ఎల్లుండికి పోయేది. అన్నం పెడితే కలిపి, కలిపిందాన్ని మళ్లీ కలిపి, పళ్లెం పక్కకు నెట్టేది.

ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా చేతులు చల్లబడేవి. అది గమనించి కూతురు అందరి ఫోన్ల నోరు నొక్కేసింది. భర్త చెప్పులు చేతిలో పట్టుకుని గదిలోకి వచ్చేవాడు. టీవీ మూగదైంది. తన కోసం ఇల్లంతా పిల్లిలా నడుస్తోందని ఆమెకు తెలుస్తూనే ఉండేది. తన వల్ల ఇందరికి ఇబ్బంది అనే బరువు ఒకటి కొత్తగా వచ్చి కూర్చుంది.

పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకే ప్రశ్న. "ఏం జరిగింది?" ఆఫీసు స్నేహితురాలు గొంతు తగ్గించి, "ఏ ఫోను? చిన్నపిల్లలదా?" అని అడిగింది. తమ్ముడైతే, "ఎవరన్నా ఏమన్నా అన్నారా అక్కా, చెప్పు, నేను చూసుకుంటా," అని చొక్కా చేతులు పైకి మడిచాడు. ఏదీ లేదు. ఎంత వెతికినా ఆమెకు ఫలానా ఫోను అని ఒకటి దొరకలేదు. ఒకటి ఉంటే బాగుండేది, వచ్చినవాళ్లకు చెప్పి పంపేయొచ్చు. "ఏం జరగలేదు," అంటే, "ఏం జరక్కపోతే మరెందుకిలా?" అనేవారు. తమ్ముడు వెళ్తూ వెళ్తూ, "మనకంటే కష్టాల్లో ఉన్నవాళ్లను తలుచుకో అక్కా, తేలికవుతుంది," అన్నాడు. ఇన్నేళ్లుగా తను చేసిన పని అదే కదా అనుకుంది ఆమె. పైకి అనడానికి ఓపిక లేకపోయింది.

భర్తకు ఇది ఎలా పట్టుకోవాలో తెలియలేదు. ఏ తాళమైనా చెవి దగ్గర పెట్టుకుని కదిపితే లోపల ఏం పట్టేసిందో చెప్పగలడు. భార్య దగ్గర కూర్చుంటే మాత్రం ఆయనకు ఏమీ వినిపించలేదు. డాక్టరు మాట అత్తగారు ఒకసారి ఎత్తితే, "మనసుకు మందేంటమ్మా. నలుగురికీ తెలిస్తే ఇంకేమైనా ఉందా," అని కొట్టిపారేశాడు. వీధిలో అడిగినవాళ్లకు నడుం నొప్పి అని చెప్పాడు.

ఆ అబద్ధం ఊరికే పోలేదు. ఎదురింటి టీచరమ్మ వేడినీళ్ల సంచి తెచ్చింది. మూల మీద మందుల షాపాయన ఒక పూతమందు పంపించాడు. కింది వాటాలో ఉండే రిటైరైన పోస్ట్‌మ్యాన్ తన నడుం బెల్టు స్వయంగా ఉతికి, ఆరబెట్టి, తెచ్చి ఇచ్చాడు. పెద్దాయన ప్రేమగా ఇచ్చిందాన్ని కాదనలేక, ఆయన గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా చల్లమ్మ ఆ బెల్టు బిగించుకుని కూర్చునేది. నిక్షేపంలాంటి నడుం ఆమెది. బెల్టు కట్టుకున్నాక నిజంగానే కాస్త నొప్పి మొదలైంది.

ఇంట్లో మారని మనిషి ఒక్క అత్తగారే. అందరూ గుసగుసలాడుతున్నా ఆవిడ గొంతు ఆవిడదే. చిక్కుడుకాయల బుట్ట తెచ్చి కోడలి ఒళ్లో దబ్బున పెట్టి, "ఈనెలు తీయి. కిటికీలోంచి చూస్తే అవి వాటంతటవి రావు," అనేది. కాసేపటికి వచ్చి చూస్తే బుట్ట అలాగే ఉండేది. "సరేలే," అని తనే తీసుకెళ్లి తరిగేది. కళ్లు సరిగా ఆనవు కాబట్టి సగం ఈనెలు కూరలోనే ఉండేవి. భర్తా కూతురూ పళ్లలో ఇరుక్కున్న ఈనెలు తీసుకుంటూ ఏమీ అనేవారు కాదు.

ఒక మధ్యాహ్నం చల్లమ్మ స్నానానికని లేచింది. ఒళ్లు తనకే వాసన వేస్తోంది. బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది, పంపు తిప్పింది, చిన్న పీట మీద కూర్చుంది. అంతే, ఇక లేవలేకపోయింది. ఏదో చేసుకుందామని కాదు. చెంబు అక్కడే ఉంది, చెయ్యి ఇక్కడే ఉంది, రెండింటి మధ్య దూరం దాటడం ఆమె వల్ల కాలేదు. బకెట్ నిండి, పొర్లి, నీళ్లు ఆమె పాదాల మీదుగా పోతున్నాయి.

"నీళ్లయిపోతాయే," అంది అత్తగారు బయటి నుంచి.

నీళ్ల చప్పుడు ఆగలేదు.

"పంపు కట్టెయ్యి. పైన ట్యాంకులో చుక్క ఉండదు."

కాసేపటికి పంపు ఆగింది. అంత మాత్రం చేయగలిగింది చల్లమ్మ. అత్తగారు తలుపు తట్టలేదు. వంటింట్లోంచి కుర్చీ ఈడ్చుకొచ్చిన చప్పుడు వినిపించింది. ఆవిడ తలుపుకు చేరబడినట్టు కూర్చుంది.

"వాణ్ణి పిలవనా? వాడొస్తే గడియ ఊడదీస్తాడు, అదే వాడికి తెలిసింది. గడియ ఊడితే నీకొరిగేదేంటి, రేపట్నుంచి తలుపు లేని బాత్రూంలో స్నానం చేయాలి మనం. వద్దులే. నువ్వక్కడ కూర్చో, నేనిక్కడ కూర్చుంటా. నాకూ పనేం లేదు."

ఆ తర్వాత ఆవిడ తన ధోరణిలో పడింది. పాలవాడు నీళ్లు కలుపుతున్నాడంది. టీచరమ్మ పిల్లి మన మెట్ల మీదే పడుకుంటోందంది. మోకాళ్ల గురించి చాలాసేపు చెప్పింది. చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి, అదే గొంతుతో, "నీ మొగుడు పుట్టినప్పుడు నేనూ ఇలాగే అయ్యాను," అంది.

చల్లమ్మ తల ఎత్తింది.

"పిల్లాడు ఏడుస్తుంటే వినపడేది. ఎత్తుకోవాలనీ ఉండేది. చెయ్యి లేచేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. పాలు కూడా మా తోటికోడలే పట్టేది. మా అత్త అందరికీ చెప్పింది, ఇది దొంగ వేషాలేస్తోంది, పని తప్పించుకోడానికి అని. మీ మామయ్య పాపం ఏమనేవాడు కాదు, అలాగని ఏమీ చేసేవాడూ కాదు. అప్పట్లో దానికో పేరుందని మాకేం తెలుసు. బద్ధకం అనేవాళ్లు. నేనూ బద్ధకమనే అనుకున్నా."

"ఎన్నాళ్లు?" అంది చల్లమ్మ. చాలా రోజుల తర్వాత తనంతట తాను అడిగిన ప్రశ్న అది. గొంతు బొంగురుగా వచ్చింది.

"ఎవరు లెక్కపెట్టారు. వాడు పాకడం మొదలెట్టాడు, నేను చూళ్లేదు. నడిచాక కాస్త మనుషుల్లో పడ్డాను."

"ఎలా తగ్గింది అత్తయ్యా?"

"తగ్గిందో, అలవాటైందో. ఎవరూ చెయ్యి పట్టుకుని లేపలేదు. పడుతూ లేస్తూ అలా ఈదుకొచ్చా. అందుకే ఇంతలా వాగుతుంటాను కాబోలు, నోరు మూసుకుంటే మళ్లీ ఆ గోడే కనపడుతుందని." ఆవిడ కుర్చీ ఇంకాస్త తలుపు దగ్గరికి జరుపుకుంది. "నీకా ఖర్మ ఎందుకు? ఇప్పుడు డాక్టర్లున్నారట కదా. వెళ్దాం. వాడు రాకపోతే నేనొస్తా. బస్సెక్కడమే కాస్త కష్టం."

చల్లమ్మ లోపల ఏడ్చింది. అత్తగారు వినపడనట్టు మళ్లీ పాలవాడి దగ్గరికి వెళ్లిపోయింది. సాయంత్రం కూతురు వచ్చేలోపు చల్లమ్మ నాలుగు చెంబులు పోసుకుని బయటికొచ్చింది. సబ్బు రుద్దుకోలేదు. అత్తగారు తువ్వాలు అందించి, ఆ సంగతి ఎత్తలేదు.

ఆ సాయంత్రం కొడుకు చెప్పులు చేతిలో పట్టుకుని లోపలికి వస్తుంటే, "ఒరేయ్, ఆ చెప్పులు కింద పెట్టు, దొంగలా ఏంటా నడక. రేపు దుకాణం మూసెయ్యి. కోడలిపిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు," అంది తల్లి.

"అమ్మా, నలుగురూ ఏమనుకుంటారో..."

"అనుకోనీ. నన్నెవరూ తీసుకెళ్లలేదు, అప్పుడు నలుగురూ ఏమన్నా ఊరుకున్నారా?"

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. తల్లి మొహం చూసి మాత్రం మళ్లీ ఎదురు చెప్పలేదు. మర్నాడు బస్సులో, "అమ్మ నిన్న ఏమంది? ఎక్కడికి తీసుకెళ్లలేదంట?" అని భార్యను అడిగాడు. "మీ అమ్మనే అడగండి," అంది చల్లమ్మ. ఆయన అడిగాడో లేదో ఆమెకు తెలియదు. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం దుకాణం వదిలి వచ్చి తల్లి మంచం మీద ఊరికే కూర్చుని వెళ్లాడు. ఏమిట్రా అంటే ఏం లేదన్నాడు.

ఆసుపత్రి వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు వరుసగా వేసి ఉన్నాయి. చల్లమ్మ ఎలాంటివాళ్లను ఊహించుకుని వచ్చిందో గానీ, అక్కడున్నది యూనిఫాం మీదే వచ్చిన ఒక కండక్టరు, పుస్తకం తిరగేస్తున్న కాలేజీ కుర్రాడు, బఠానీలు నములుతున్న ఒక లావుపాటాయన. అందరూ అలిసిపోయినట్టున్నారు. రైలు ఆలస్యమైతే స్టేషన్లో కూర్చున్నవాళ్లలా ఉన్నారు.

డాక్టరమ్మ ఏం జరిగిందని అడగలేదు. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇంట్లో ఏం చేస్తున్నారు అని అడిగింది. చల్లమ్మ ఒక్కోదానికీ తడుముకోకుండా, విడివిడిగా, స్పష్టంగా జవాబులు చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"ఇది మీ ఆఫీసు గొంతులా ఉందమ్మా. ఇంట్లో ఎలా మాట్లాడతారు?"

చల్లమ్మ ఆలోచించింది. "మాట్లాడను," అంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" ఆవిడ అది కూడా నిద్ర గురించి అడిగినంత మామూలుగానే అడిగింది. పక్కనున్న భర్త కుర్చీలో కదిలాడు.

"చావాలని కాదు. ఎవరూ పిలవని చోట ఉండాలని."

ఆయన భార్య వైపు చూశాడు.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. ఇవి నెమ్మదిగా పని చేస్తాయి, మొదట్లో మత్తుగా ఉంటుంది, బాగుందనిపించినా మీ అంతట మీరు ఆపొద్దు అంది. ఇది బద్ధకమూ కాదు, బలహీనతా కాదు, జబ్బు అంది. పొద్దున లేచి కాసేపు వెలుతురులో కూర్చోవాలి. పగలు మంచం ఎక్కకూడదు. రోజుకో చిన్న పని, అది సగమైనా సరే. రోజూ ఒక్క మనిషికైనా, ఇవాళ ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పాలి. అసలు బతకడమే వద్దనిపిస్తే ఆ క్షణమే ఇంట్లో చెప్పాలి, తనకు ఫోన్ చేయాలి. ఫోన్ అనగానే చల్లమ్మ వేళ్లు ముడుచుకోవడం చూసి, "ఫోన్ మీ ఆయన చేస్తారు," అంది.

వినడానికి ఇవన్నీ ఎంత, చిటికెలో పని. చేయబోతే ఒక్కోటీ కొండ. పొద్దునే వీధి మెట్టు మీద కూర్చుంటే ఎండ కళ్లలో పొడిచేది. మాత్రలకు నోరు ఎండిపోయేది. ఒకరోజు బుట్టెడు చిక్కుడుకాయల్లో గుప్పెడు ఈనెలు తీసి, పెద్ద పని చేసినదానిలా ఆయాసపడి, మిగతావి అలాగే వదిలేసింది. మర్నాడు ఆ గుప్పెడు కూడా చేయలేకపోయింది.

అన్నింటికన్నా కష్టమైంది సాయంత్రం చెప్పాల్సిన మాట. భర్త వచ్చి ఎదురుగా కూర్చునేవాడు.

"ఇవాళ బాగోలేదు," అనేది ఆమె.

"ఎందుకు బాగోలేదు? నీళ్లు తాగావా? కాసేపు నడిచావా?" ఆయన వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకుని బయల్దేరేవాడు. ఆమె నోరు మూసుకునేది. మళ్లీసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఆయనకే చీవాట్లు పెట్టింది, బాగుచేయొద్దు, వినండి చాలు అని. అప్పట్నుంచి ఆమె బాగోలేదంటే ఆయన "ఊఁ" అనేవాడు. అంతసేపూ లేవకుండా కూర్చునేవాడు. ఆ "ఊఁ" చల్లమ్మకు పనికొచ్చింది. "పుట్టిన దగ్గర్నుంచీ వీడు అన్నదదొక్కటే మాట. ఇన్నాళ్లకు దానికో విలువొచ్చింది," అంది అత్తగారు.

నడుం నొప్పి నాటకానికి తెర దించింది కూడా ఆవిడే. టీచరమ్మ మెట్ల దగ్గర నిలబడి, "ఇంకా తగ్గలేదా నడుము? నాకు తెలిసిన ఎముకల డాక్టరొకాయన ఉన్నాడు," అంటుంటే, "నడుం కాదమ్మా. మనసు బాగోలేదు. మందులు వాడుతోంది," అని తేల్చేసింది. లోపలున్న చల్లమ్మ గోడకు అంటుకుపోయింది. టీచరమ్మ వెనక్కి తిరిగి తన గుమ్మం వైపు చూసింది. తర్వాత చాలా మెల్లగా, "ఆ డాక్టరెక్కడ కూర్చుంటారు? మా తమ్ముడు గదిలోంచి రావడం మానేశాడు," అంది.

తగ్గడం కూడా తిన్నగా జరగలేదు. కాస్త తేలికపడగానే ఇక అవసరం లేదనుకుని చల్లమ్మ ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. కొన్నాళ్లు బాగానే గడిచి, ఒక వారం చివర మళ్లీ వెనక గదిలో కుర్చీ దగ్గరికి వచ్చిపడింది. ఈసారి దారి తెలిసిన గొయ్యి కాబట్టి ఇంకా లోతుగా అనిపించింది. ఆమె సిగ్గుతో డాక్టరమ్మ ముందు తల దించుకుంటే ఆవిడ తిట్టలేదు. "చాలామంది ఇలాగే చేస్తారు. మళ్లీ మొదలుపెడదాం," అంది.

ఎండలు మారి గాలి తిరిగేసరికి ఆమె వంట చేయగలుగుతోంది, మూల దుకాణం దాకా వెళ్లి రొట్టె తేగలుగుతోంది. ఒకరోజు అత్తగారు టీవీ బాగా గట్టిగా పెట్టి, పొయ్యి మీద పాలు మరిచి, తనే కోడలిని కేకలేసింది. చల్లమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "అరవకండి. పాలు పెట్టింది మీరు, మాడ్చింది మీరు, నన్నెందుకంటారు?" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచింది. కూతురు పుస్తకం కింద పెట్టేసింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆ గొంతు ఎవరూ వినలేదు. అత్తగారు టీవీ తగ్గించింది. "గిన్నె నేను తోముతాలే," అంది. ఆవిడకు కోపం వచ్చినట్టే లేదు.

సెలవు ముగిసే రోజులు వచ్చాయి. ఇన్‌ఛార్జి మొదట్లో సగం పూటే పనికి రమ్మన్నాడు. ఆమె వెళ్లింది. అదే చలి, అవే కుర్చీలు. లైటు వెలిగింది, మీట నొక్కింది, మాట వచ్చింది. ఎప్పటిలాగే చల్లగా వచ్చింది. అందరూ వచ్చి భుజం తట్టారు, మా చల్లమ్మ మాకు వచ్చేసిందన్నారు. సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఆమెకు తట్టింది, పొద్దుట్నుంచీ సరిగా ఊపిరి తీసుకోలేదని.

"వాళ్లందరూ బాగా చేశానన్నారు," అంది భర్తతో. "నాకు మాత్రం బాగోలేదు."

"ఊఁ."

"నేనింక ఆ కుర్చీలో కూర్చోలేనండీ. చేతకాక కాదు. చేతనవుతుంది కాబట్టే."

ఆయన ఆ మాటను కాసేపు లోపల తిప్పుకున్నాడు. "సరే అయితే," అన్నాడు.

ఇన్‌ఛార్జికి చెప్తే మొహం వాడిపోయింది. నీలాంటి గొంతు మళ్లీ ఎక్కడ దొరుకుతుందన్నాడు. ఆమె కాస్త బాధపడింది, అంతకంటే కాస్త ఎక్కువే చిరాకు పడింది. చివరికి వీధుల పటాలు సరిచూసే విభాగంలో చోటిచ్చారు. కొత్తగా పడిన సందులూ, మారిన ఇంటి నంబర్లూ పటంలో ఎక్కించడం పని, బండి దారి తప్పకుండా. జీతం తక్కువ, మెచ్చుకునేవాళ్లు లేరు. ఆ గదికి ఒక కిటికీ ఉంది, దాని ఎదురుగా కార్ల షెడ్డు రేకులు తప్ప ఇంకేమీ కనపడవు. పాత స్నేహితురాళ్లు మధ్యాహ్నం డబ్బాలు పట్టుకుని అక్కడికే వస్తున్నారు. ఈమధ్య వాళ్లలో ఒకావిడ, డబ్బా మూత తీయకుండానే, ఆ రోజు తను విన్న ఫోను గురించి చెప్పడం మొదలుపెట్టింది. చల్లమ్మ విన్నది. సగం అయ్యాక, "ఇవాళ్టికి నాకింతే చాలు, మిగతాది మా డాక్టరమ్మకు చెప్పు, నేను తీసుకెళ్తా," అంది. అలా అనగలగడం ఆమెకే కొత్త.

మాత్రలు తగ్గాయి గానీ పోలేదు. అలసటా పోలేదు. నెలలో కొన్ని రోజులు పొద్దునే లేచేసరికి ఒళ్లంతా తడి బస్తాలా ఉంటుంది. ఆ రోజుల్లో తలుపులు తెరిచి మెట్టు మీద కూర్చుంటుంది, అంతకు మించి తన నుంచి ఏమీ ఆశించదు.

ఒక సెలవు మధ్యాహ్నం అలాంటిదే. ఇంట్లో అందరూ తలో మూలా వాలి ఉన్నారు. వాన మొదలైంది. డాబా మీద బట్టలున్నాయి. ఒకప్పుడైతే చినుకు శబ్దానికే ఆమె మెట్లెక్కి ఉండేది. ఇప్పుడు కుర్చీలోంచి కదలకుండా, "ఏవండీ, బట్టలు. నా వల్ల కాదు, మీరు తీసుకురండి," అంది.

ఆయన గొడుగు కోసం వెతికి, దొరక్క, అలాగే పరుగెత్తాడు. ఆయన వచ్చేసరికి సగం బట్టలు తడిసిపోయాయి. దుప్పటి ఒకటి మెట్ల మీద ఈడ్చుకొచ్చి మురికి చేశాడు. ఎక్కడ ఆరేయాలో తెలియక కుర్చీల మీదా తలుపుల మీదా వేశాడు. అత్తగారు అందుకు పెట్టాల్సిన నాలుగు చీవాట్లూ పెట్టింది. ఇల్లంతా తడి బట్టల వాసన. చల్లమ్మ తల గోడకు ఆనించి, ఆ మాటలు వింటూ వింటూ నిద్రపోయింది.